ముందు చుట్టం గ్లాసు

మా అపార్ట్‌మెంటు పక్కన ఇన్నాళ్లూ ఖాళీగా పడి ఉన్న జాగాలో కొత్త భవనం లేపుతున్నారు. హైదరాబాదులో ఎక్కడ గడ్డపార వేసినా మట్టి కన్నా ముందు బండే పలకరిస్తుంది కదా, మొన్న మధ్యాహ్నం ఆ బండకు మందు పెట్టి పేల్చారు. మా భవనం మొత్తం ఒక్కసారి ఒళ్లు విదిలించుకుంది. కిటికీ అద్దాలు గణగణలాడాయి. అన్ని అంతస్తుల జనమూ చెప్పులైనా వేసుకోకుండా మెట్ల మీద పరుగు తీశారు. అందరికంటే ముందు గేటు దాటింది వాచ్‌మనే అని తర్వాత తెలిసింది. నేను మాత్రం వంటింట్లో ఎక్కడిదాన్ని అక్కడే ఉన్నాను. తీరా చూసుకుంటే నా కుడి అరచెయ్యి, నేను చెప్పకుండానే, గట్టు మీది చాయ్ గ్లాసు మీద మూతలా బోర్లించి ఉంది. ఎడమచెయ్యి అల్మారా అద్దాన్ని ఒత్తి పట్టుకుని ఉంది. కళ్లజోడు ఎక్కడ పెట్టానో నాకు గుర్తుండదు, పక్కింటివాళ్ల పిల్లల పేర్లు గుర్తుండవు, కానీ ఈ చేతులకు మాత్రం అన్నీ గుర్తున్నాయి.

కాసేపటికి ఎదురింటావిడ రొప్పుతూ పైకి వచ్చింది. విజయవాడ నుంచి ఈమధ్యే వచ్చారు. మా ఇంట్లో పెద్దావిడ ఉందని, మా అత్తగారికి ఏమైనా అయిందేమోనని పాపం తలుపు తట్టింది. నేను తాపీగా చాయ్ తాగుతూ తలుపు తీసేసరికి నిర్ఘాంతపోయింది. "మీకు భయం వేయలేదాండీ? అసలు మీదే ఊరు?" అంది. గోదావరిఖని అన్నాను. ఆవిడ కాస్త ఆలోచించి, "రామగుండం దగ్గర కదూ! ఎండాకాలం వస్తే చాలు టీవీలో చెబుతుంటారు. ఎండలూ, ఆ బొగ్గూ... అబ్బ, అక్కడెలా ఉన్నారండీ!" అంది. మంచి మనిషి, జాలిపడే అంది. కానీ ఆ "ఎలా ఉన్నారండీ" అన్న మాట నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వింటున్నదే. రేపు చాయ్‌కి రండి, చెబుతాను అన్నాను.

ఎండల మాట ఎత్తింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. మా చిన్నతనంలో మా ప్రాంతం పేరు లోకానికి వినిపించేది ఆ ఒక్క ఎండాకాలమే. సాయంత్రం రేడియోలో వార్తల చివర రాష్ట్రంలో అన్నిటికంటే ఎక్కువ ఎండ రామగుండంలో కాసిందని చదివేవారు. అంతే, మేం బాపు అని పిలిచే మా నాన్న విసనకర్ర విసరడం ఆపి, చెమటకు తడిసిన బనీనులో ఛాతీ పొంగించి "సూశిన్రా, మల్ల మనమే ఫస్టు" అనేవాడు. ఎవరో ఇంటికొచ్చి గెలుపు కప్పు చేతికిచ్చి పోయినంత సంబరం. ఎప్పుడైనా ఇంకో ఊరి పేరు చదివారో, ముఖం చిన్నబుచ్చుకుని "వాళ్ల థర్మామీటరు ఖరాబైనట్టున్నది" అనేవాడు. ఊరి మీద గర్వపడటానికి మనిషికి పెద్ద కారణాలు అక్కర్లేదని నాకు అప్పుడే అర్థమైంది.

అమ్మ సంగతి వేరు. అమ్మది మంథని దిక్కున గోదావరి ఒడ్డు ఊరు. పచ్చటి పొలాలు, ఎర్రమట్టితో అలికి ముగ్గేసిన వాకిలి, మంచెకెక్కితే కనిపించే ఏరు. అక్కడి నుంచి పెళ్లి చేసుకుని బొగ్గు కంపెనీ క్వార్టర్‌లోకి వచ్చిపడింది. ఇక్కడ పొద్దున ముగ్గేస్తే మధ్యాహ్నానికి ముగ్గూ నేలా ఒకటే రంగు. బట్టలు ఆరేస్తే ఉతకక ముందుకంటే మాసిపోయేవి. ముక్కు చీదితే నలుపు, తలగడ మీద నలుపు, పాల మీది మీగడ మీద కూడా సన్నటి నలుపు. అమ్మ పెళ్లయ్యాక మా ఇంట్లోకి తెల్లబట్ట అన్నది రాలేదు. స్కూల్లో శనివారం తెల్ల యూనిఫాం తప్పదు కాబట్టి దాన్ని ఇంట్లోనే, మంచం మీదుగా కట్టిన తాడు మీద ఆరేసేది. బయటి నుంచి చుట్టాలు ఎవరైనా వస్తున్నారంటే చాలు, అమ్మకు కంగారు. తన సంసారం మీద ఎవరో మసి పూశారని, అది తన తప్పేనని లోకం అనుకుంటుందని ఆమె భయం. "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్తది. మన బాధలు మనయి. బయటోళ్లకు ఎందుకు?" అనేది.

బాపు భూమి కింద బొగ్గుబావిలో పని చేసేవాడు. డ్యూటీ దిగి వచ్చి ఎంత సబ్బు పెట్టి రుద్దుకున్నా రెప్పల అంచున బొగ్గు నల్లటి గీతలా నిలిచిపోయేది. లోకంలో నాన్నలందరూ కాటుక పెట్టుకుంటారనే చిన్నప్పుడు నేననుకున్నాను. ముంజేతుల నిండా నీలి గీతలుండేవి. బొగ్గుపెళ్ల తగిలి గాయమైతే, అది మానే లోపల దుమ్ము అందులో కూర్చుండిపోయి చర్మం కింద నీలంగా మిగిలిపోతుంది. బడికి సెలవుల్లో ఆ గీతల మీద వేలు పెట్టి ఇది ఎక్కడిది, ఇది ఎక్కడిది అని అడగటం నాకు ఆట. ప్రతిదానికీ బాపు దగ్గర ఒక కథ ఉండేది. సగం అబద్ధాలని ఇప్పుడు తెలుస్తోంది. ఎంత లోతు బావిలోనైనా పులి ఉండదు కదా.

మా క్వార్టర్ల లైనుకు కొంత దూరంలోనే ఓపెన్‌కాస్టు గని, భూమిని పైనుంచే తవ్వుకుంటూ పోయేది. రోజూ మధ్యాహ్నం అక్కడ పేల్చేవారు. ముందు సైరన్ కూసేది, కాసేపటికి భూమి అదిరేది. మా లైనులో ఎవరికీ దానికి గడియారం అక్కర్లేదు. సైరన్ కూయగానే ఏ ఇంట్లో ఎవరి పని ఏదో ఎవరూ చెప్పకుండానే జరిగిపోయేది. అమ్మ షోకేసు అద్దం పట్టుకునేది. బాపు ఇంట్లో ఉంటే గోడ గడియారం, లేకపోతే అది నా వంతు. తినేవాళ్లు కంచం మీదికి వంగేవాళ్లు, తాగేవాళ్లు గ్లాసు మీద అరచెయ్యి కప్పేవాళ్లు. కప్పు నుంచి సున్నం పెచ్చులు రాలతాయి మరి. చప్పుడు అయిపోగానే చేతులు తీసి, ఆగిన మాట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే అందుకునేవాళ్లు. మధ్యలో "పేలింది" అని కూడా ఎవరూ అనేవాళ్లు కాదు.

ఈ చేతుల విద్యకు గురువు మా మేనత్త. బాపుకు చెల్లెలు, పక్క క్వార్టర్‌లోనే ఉండేది. గట్టి మనిషి, గట్టి గొంతు. బావిలో పైకప్పు కూలి మామయ్య చనిపోయాక కంపెనీ ఆమెకు పని ఇచ్చింది. డ్యూటీకి పోయేటప్పుడు ఆమె నడక చూసి మగవాళ్లు కూడా పక్కకు తప్పుకునేవారు. మా ఊరిని ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకునేది కాదు. "మేం బుక్కెడు మసి మింగకుంటే మీ ఇంట్ల కరెంటు బుగ్గ ఎట్ల వెలుగుతది?" అని బస్సులో ముక్కూమొహం తెలియనివాళ్లతో కూడా పోట్లాట పెట్టుకునేది. ఆమె మాకు నేర్పిన రూలు ఒక్కటే. సైరన్ కూసినప్పుడు ఇంట్లో బయటివాళ్లు ఉంటే ముందు వాళ్ల గ్లాసు మీద చెయ్యి పెట్టాలి. "వాళ్లకు తెల్వదు, మనకు తెలుసు. ముందు చుట్టం గ్లాసు, తర్వాత మన గ్లాసు" అనేది. మన చాయ్‌లో సున్నం పడితే పారబోసుకోవాలి తప్ప మాట్లాడకూడదు.

ఇంక నా పెళ్లి సంగతికి వస్తాను. కరీంనగర్‌లో బీఈడీ చదివేటప్పుడు మావారూ నేనూ ఒకరికొకరం నచ్చుకున్నాం. ఈమాట ఇంట్లో ఇలా నేరుగా చెప్పే కాలం కాదది. వాళ్ల తరఫున ఒక పెద్దమనిషి వచ్చి సంబంధం అడిగినట్టు, మావాళ్లు ఆలోచిస్తామన్నట్టు అంతా పద్ధతిగా నడిచింది. వాళ్లది జగిత్యాల దిక్కు. మామగారు మండలాఫీసులో పని చేస్తారని, చదువుకున్న కుటుంబమని ఆ పెద్దమనిషి చెప్పాడు. బాపు గురించి అడిగితే అమ్మ ముందుకొచ్చి "కంపెనీల నౌకరి" అంది. ఏం నౌకరి అని అతను అడగలేదు, అమ్మ చెప్పలేదు. ఇల్లు చూడటానికి, నన్ను చూడటానికి వాళ్లు వస్తామన్నారు. ఈ సంబంధం తప్పిపోతే నేను ఇంకొకరికి తల వంచేదాన్ని కాదు. ఆ సంగతి నాకు తెలుసు, మావారికి తెలుసు, నా ముఖం చూసి మేనత్త కూడా కనిపెట్టింది.

అమ్మ ఒక యుద్ధానికి సిద్ధమైనట్టు సిద్ధమైంది. మొదట రోజు. ఆదివారం అయితే పేలుడు ఉండదు, కాబట్టి ఆదివారమే రమ్మంది. తర్వాత గోడలు. రోజూ అదిరీ అదిరీ మా గోడలకు పర్రెలు, అదే బీటలు, పడి ఉండేవి. వాటి మీద అమ్మ క్యాలెండర్లు తగిలించింది. కిరాణా కొట్టుది, బట్టల దుకాణానిది, మందుల షాపుది, ఎక్కడ దొరికితే అక్కడి నుంచి తెచ్చింది. ఎదురు గోడ మీదే వరసగా లక్ష్మీదేవి, వెంకటేశ్వరస్వామి, మళ్లీ లక్ష్మీదేవి, వినాయకుడు. అందులో ఒకటి పోయిన ఏడాదిది. తర్వాత బాపు. ఆ ఎండలో బాపుకు పొడుగు చేతుల చొక్కా వేసి, మణికట్టు దాకా గుండీలు పెట్టింది, నీలి గీతలు కనబడకుండా. ఆఖరుకు హుకుం జారీ చేసింది. "వాళ్లు పోయేదాక ఈ ఇంట్ల బొగ్గుబాయి ముచ్చట బంద్. ఎవలు తీసినా నేను ఊకోను."

శనివారం సాయంత్రం బాపు డ్యూటీ నుంచి వస్తూనే "ఏమే, రేపు..." అన్నాడు. అమ్మ "బాయి ముచ్చటేనా?" అంది. "ఆ, గదే, ఓపెన్‌కాస్టుల..." "బంద్ అన్ననా లేదా?" బాపు చెప్పులు విప్పి లోపలికి పోయాడు. అన్నం తినేటప్పుడు మళ్లీ ఒకసారి గొంతు సవరించుకున్నాడు. అమ్మ గరిటె ఎత్తి చూపించింది. ఆదివారం పొద్దున చొక్కా గుండీలు పెట్టించుకుంటూ ఆఖరి ప్రయత్నంగా "ఒక్క మాట ఇనరాదూ" అన్నాడు. "మీకు దండం పెడ్త, వాళ్లు పోయినంక ఇంట" అంది అమ్మ. బాపు నా వైపు చూసి భుజాలెగరేశాడు. ఆయన చెప్పాలనుకున్నది ఇదీ. మార్చి నెల, ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు బొగ్గు లెక్క పూర్తి కావాలని కంపెనీ తొందర. అలాంటప్పుడు ఆదివారం కూడా పని నడుస్తుంది. దాన్ని మా దగ్గర ప్లే డే అంటారు. ఆ ఆదివారం ఓపెన్‌కాస్టులో ప్లే డే.

వాళ్లు ముగ్గురు వచ్చారు. అతను, మామగారు, అత్తగారు. మామగారు మల్లెపువ్వులాంటి తెల్లచొక్కా వేసుకుని జేబులో పెన్ను పెట్టుకుని వచ్చారు. ఆ చొక్కాను చూడగానే అమ్మ గుండె జారిపోయిందని తర్వాత చెప్పింది. అత్తగారు సన్నగా, గంభీరంగా ఉన్నారు. రెండు చేతులూ కొంగు చాటున దాచుకుని కూర్చున్నారు. మంచినీళ్లిస్తే ఒక చెయ్యి క్షణం బయటికొచ్చి గ్లాసందుకుని మళ్లీ లోపలికి పోయింది. అమ్మ వంటింట్లోకొచ్చి "పెద్దింటి మనిషి లెక్కున్నది బిడ్డా, చెయ్యి గూడ బయట పెడ్తలేదు" అని గుసగుసలాడింది. మామగారు ఎదురు గోడను చాలాసేపు చూసి, "ఇన్ని క్యాలెండర్లల్ల ఏది కరెక్టండి?" అని అడిగారు. మేనత్త పక్కకు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది.

నేను చాయ్ పళ్లెం తెచ్చి అందరికీ ఇచ్చాను. తల వంచుకునే అతని వైపు ఒక చూపు చూశాను, అతను అంతకంటే ముందే చూస్తున్నాడు. అంతా సాఫీగా జరుగుతోంది. అప్పుడు సైరన్ కూసింది.

ఆ కూత వినగానే అమ్మ చూపు బాపు మీదికి పోయింది. ఆదివారం కూయకూడని సైరన్ కదా. బాపు ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. అమ్మ ఊపిరి వదిలింది. "ఏంది ఆ చప్పుడు?" అన్నారు అత్తగారు. "ఏదో లారీ హారన్ అక్కా" అంది అమ్మ. అంత పొడుగు హారన్ ఉన్న లారీ ఈ భూమ్మీద ఎక్కడా లేదు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరి చేతులూ వాళ్ల మాట వినలేదు. అమ్మ లేచి షోకేసు అద్దానికి రెండు చేతులూ ఆనించింది. బాపు కుర్చీ మీంచి లేచి గడియారం అందుకున్నాడు. నేను పళ్లెం గుండెకు ఒత్తుకుని గుమ్మంలో నిలబడ్డాను. మేనత్త చెయ్యి చాపి అత్తగారి చాయ్ కప్పు మీద అరచెయ్యి కప్పేసింది. వచ్చినవాళ్లు ముగ్గురూ, వీళ్లందరికీ ఒకేసారి ఏం పట్టుకుందన్నట్టు మా వైపు చూస్తున్నారు. అప్పుడు భూమి అదిరింది.

నాకు గుర్తున్నది క్యాలెండర్లు. ఒకదాని వెనక ఒకటి, చెప్పి పెట్టినట్టు కింద పడ్డాయి. గోడ మీద పర్రెలు, ఇన్నాళ్లూ వాటి అసలు పొడుగు మేం కూడా చూడలేదేమో, పైనుంచి కింది దాకా బయటపడ్డాయి. ఇంటి కప్పు నుంచి సున్నం రాలి మామగారి తెల్లచొక్కా మీద, మేనత్త చేతి వెనక మీద, మేనత్త చాయ్‌లో పడింది. గడియారం పట్టుకోవడానికి చేతులు పైకెత్తిన బాపుకు గుండీలు తెగి, పొడుగు చేతులు మోచేతుల దాకా జారాయి. నీలి గీతలు పట్టపగలు అందరికీ కనిపించాయి. అత్తగారు భయపడి మేనత్త మణికట్టును గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నారు.

చప్పుడు ఆగింది. మామగారు మెల్లగా "ఏమైంది?" అన్నారు. అమ్మ అద్దం వదలకుండానే, "ఉరిమింది" అంది. బయట మార్చి ఎండ కళ్లు పొడుస్తోంది. మామగారు కిటికీలోంచి ఆ ఎండను చూసి మళ్లీ అమ్మను చూశారు. అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు అమ్మ మీద కోపం వచ్చింది, ఆ గోడల మీద కోపం వచ్చింది, అన్నిటికంటే ఆ క్యాలెండర్ల మీద వచ్చింది. అయిపోయింది, ఈ సంబంధం ఇంతే అనుకున్నాను.

"ఉరుముడేంది వదినె, ఎండల?" అని మేనత్త మొదలుపెట్టబోయింది. బాపు చెయ్యి ఎత్తి ఆపాడు. మా బాపు నలుగురిలో మాట్లాడగా నేను చూసింది తక్కువ. ఆయన గడియారం గోడకు సరిగా తగిలించి, తెగిన గుండీల చేతుల్ని మోచేతుల పైకి మడుచుకుని, కూర్చున్నాడు.

"అది ఉరుము గాదమ్మా. ఓపెన్‌కాస్టుల పేలుడు. రోజు పేలుతది. నేను ఆఫీసు పని చెయ్య, బొగ్గుబాయిల భూమి కింద పని చేస్త. ఈ మచ్చలు గదే. నా బిడ్డ గీ గోడల నడుమనే పుట్టింది, గీ బొగ్గుతోనే చదువుకున్నది. ఇదంత దాచి పిల్లనిస్తే, మీ ఇంటికొచ్చినంక గూడ అది దాసుకుంటనే బతకాలె. గది నాకు ఇష్టం లేదు. మీకు నచ్చకుంటే చెప్పుండ్రి, మేం ఏమనుకోం."

అత్తగారు ఇంకా మేనత్త మణికట్టు వదల్లేదు. "రోజు గిట్లనే అదురుతదా? మీకు భయం గాదా?" అని మేనత్తనే అడిగారు. అప్పుడు మేనత్త, ఆ గట్టి గొంతు మేనత్త, నేను ఎన్నడూ విననంత చిన్నగా చెప్పింది. "ఈ చప్పుడుకు భయం లేదమ్మా. ఇది టైముకు పేలిందంటే అంత మంచిగున్నట్టే. టైము గాని టైముల సైరన్ కూస్తేనే భయం. గట్ల ఒక్కసారి కూసింది. అప్పటి సంది నా నుదురు గిట్లున్నది." అమ్మ షోకేసు వదిలి నేల మీదే కూలబడింది. ఇందాక అమ్మ బాపు వైపు ఎందుకు చూసిందో వచ్చినవాళ్లకు అప్పుడు అర్థమై ఉంటుంది.

అత్తగారు మేనత్త చేతిని చూశారు. చేతి వెనకంతా సున్నం. ఆ చెయ్యి కింద తన కప్పులో చాయ్ నిర్మలంగా ఉంది. పక్కన మేనత్త కప్పులో సున్నం పెచ్చు తేలుతోంది. ఆవిడ కాసేపు ఆ రెండు కప్పుల్నీ చూసి, ఇంతసేపూ కొంగు చాటున దాచుకున్న రెండో చేతిని కూడా బయటికి తీశారు. తన కప్పెత్తి సగం చాయ్ సాసర్‌లో పోసి మేనత్త ముందుకు జరిపారు. "తాగు చెల్లే. నీది ఖరాబైంది" అన్నారు. ఆ తర్వాత రెండు చేతులూ ఒళ్లో తెరిచి పెట్టుకున్నారు. వేళ్ల కొసలు గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి.

"మేం గూడ ఒకటి దాచినం" అన్నారు. "నేను బీడీలు చేస్త. ఈయన జీతం ఏ మూలకు సాలదు, మా ఇంట్ల బియ్యం బీడీలతోనే వచ్చినయ్, కొడుకు చదువు బీడీలతోనే అయింది. మీరు కంపెనీ నౌకరోళ్లంటిరి, ఏమనుకుంటరో అని చేతులు కొంగుల పెట్టుకొని కూసున్న. నిన్నటి సంది చింతపండు పెట్టి తోముతున్న, ఈ తంబాకు వాసన పోతనే లేదు."

"బీడీల ముచ్చట తియ్యొద్దని నేనే అన్న" అన్నారు మామగారు, తెల్లచొక్కా మీది సున్నం దులుపుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా.

మేనత్త ఆమె చేతిని ముక్కు దగ్గరికి తీసుకుని గట్టిగా వాసన చూసింది. "తంబాకేడిదక్కా, అంత చింతపండే. ఇంకింత తోమితే చారు పెట్టొచ్చు" అంది. ముందు నవ్వింది అత్తగారు. ఆ గంభీరమైన మనిషి అంత పెద్దగా నవ్వుతుందని ఆమె కొడుక్కి కూడా తెలియదట. తర్వాత అందరం నవ్వాం. అమ్మ ఏడుస్తూ నవ్వింది. మేనత్త కింద పడ్డ క్యాలెండర్లు ఏరుతూ, "ఇగో వదినె, ఇద్దరి కడుపులు చినిగినయ్. ఎవల కాళ్ల మీద ఏం పడలే" అంది. బాపు మెల్లగా "నిన్నటి సంది గదే చెప్పొస్తున్న, ఇయ్యాల ప్లే డే అని" అన్నాడు. అమ్మ ఆయన్ను చూసిన చూపు ఇంకా నా కళ్ల ముందుంది. పెళ్లిలో బాపు పొట్టిచేతుల చొక్కా వేసుకుని కన్యాదానం చేశాడు. అమ్మే కొని తెచ్చింది. తెల్లది.

పెళ్లయ్యాక ఇద్దరికీ కమాన్‌పూర్ వైపు బళ్లలో ఉద్యోగాలు దొరికి, గోదావరిఖనిలోనే ఇల్లు తీసుకున్నాం. కొన్నాళ్లకు అత్తమామలూ వచ్చి మాతోనే ఉన్నారు. మధ్యాహ్నం పూట మేనత్తకు డ్యూటీ లేకపోతే అత్తగారి దగ్గరే. ఈమె ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. ఆమె నోట్లో ఊళ్లోవాళ్ల సంగతులు. సైరన్ కూస్తే ఒకరు గ్లాసుల మీద, ఒకరు చాట మీద. అంత కలిసిపోయినా, ఎవరైనా మీదే ఊరమ్మా అంటే అత్తగారు వెంటనే "మాది జగిత్యాల దిక్కు. కొడుకు నౌకరికని ఈడ ఉన్నం" అనేవారు. ఏళ్లు గడిచినా అదే మాట. మేనత్త అలిగి, "మా మసి మింగుకుంట మీ ఊరి పేరు చెప్తవా" అని దెప్పేది. అత్తగారు నవ్వి ఊరుకునేవారు, మాట మాత్రం మార్చేవారు కాదు.

రిటైరయ్యాక మేం హైదరాబాదు వచ్చేశాం. ఇప్పుడు అక్కడ మా క్వార్టర్ల లైను లేదు. ఓపెన్‌కాస్టు పెరుగుతూ పెరుగుతూ దాన్ని కలుపుకుంది. పుట్టిన ఇల్లు చూపించమని నా మనవరాలు అడిగితే, గట్టు మీద నిలబడి ఆ పెద్ద గుంత మీదుగా వేలు చాపి గాలిని చూపించాల్సి వచ్చింది. అది నాకు బాధే. బాపు ఆఖరి రోజుల దగ్గును తలుచుకుంటే ఆ దుమ్ము మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఊరిని ప్రేమించడమంటే దానికి అన్నీ మాఫీ చేయడం కాదు. కానీ ఎవరైనా మీదే ఊరు అంటే నా గొంతు ఎప్పుడూ తగ్గలేదు. గుండీలు తెగిన ఆ చేతుల్ని చూశాక తగ్గించుకోవడం నా వల్ల అయ్యేది కాదు. బాపు లేడు, అమ్మ లేదు, మేనత్త కూడా పోయి కొన్నేళ్లయింది. అత్తగారు ఉన్నారు. చూపు మందగించింది, మాట తగ్గింది, రోజులో ఎక్కువసేపు బాల్కనీ కుర్చీలో కూర్చుంటారు.

నిన్న ఎదురింటావిడ మాట ప్రకారం చాయ్‌కి వచ్చింది. బాల్కనీలోనే అత్తగారి పక్కన కుర్చీ వేశాను. మా ఊరి ఎండల గురించీ, బాపు ఫస్టు ప్రైజుల గురించీ చెబుతుంటే బాగా నవ్వింది. పక్క జాగాలో ఎవరో విజిల్ ఊదారు. మొన్న జనం పరుగు తీశాక, పేల్చే ముందు అలా ఊదుతామని చెప్పి వెళ్లారు. ఆవిడ ముఖం పాలిపోయి కుర్చీలోంచి లేవబోయింది. నేను చాయ్ గ్లాసు వైపు చెయ్యి చాపేలోపే ఇంకో చెయ్యి వచ్చింది. ముడతలు పడి, వేళ్ల కొసలు ఇప్పటికీ కాస్త గోధుమరంగుగా ఉన్న చెయ్యి. అత్తగారు తల కూడా తిప్పకుండా ఆవిడ గ్లాసు మీద అరచెయ్యి కప్పారు. తన గ్లాసును అలాగే వదిలేశారు. బండ పేలింది, కిటికీలు గణగణలాడాయి, అన్నీ సర్దుకున్నాయి.

ఎదురింటావిడ ఊపిరి పీల్చుకుని ఆ చేతిని చూసింది. మెల్లగా, "మీదీ గోదావరిఖనేనా అమ్మా?" అని అడిగింది. నేను జగిత్యాల అనబోయి ఆగాను.

అత్తగారు చెయ్యి తీసి, గ్లాసును ఆవిడ వైపు జరిపి, "ఆ, మాది ఖనే. చాయ్ తాగు బిడ్డా, సల్లారుతది" అన్నారు.

మేనత్త ఆ మాట కోసం ఎన్నేళ్లు అలిగిందో నాకు తెలుసు. మా గోడలు పోయాయి, ఆ గోడల మధ్య అద్దాలూ గడియారాలూ పట్టుకున్న చేతులు కూడా పోయాయి. అయినా కాలం అన్నిటినీ మింగేసి పోదని, ఒక చేతిలోది తీసి ఇంకో చేతిలో పెట్టి మరీ పోతుందని ఆ పూట నేను నా కళ్లతో చూశాను.